కార్తె కార్తెకు పచ్చిక బయలు
కల్లూరు సీమ పంచాయతీ సభ్యులకొక పాఠము

గ్రామమునకు గల ఉమ్మడి ఆస్తి యేదని యడిగినచో చెరువు, బడి, బావి, పంచాయతీ కార్యాలయము అని వరుసగా చెప్పుదుము. పశువులు మేయు బీడును ఆ వరుసలో చేర్చువారు అరుదు. దానిపై కట్టడము లేదు, దున్నిన చాలు లేదు, వేసవిలో చూచినచో పచ్చదనమైనను కానరాదు. కావుననే ఏదేని కొత్త పనికి స్థలము కావలసి వచ్చినప్పుడు "అది ఖాళీగానే యున్నది గదా" అను మాట మొదట ఆ బీడును గూర్చియే వినబడును. ఆ మాట ఒకసారి తీర్మానముగా మారినచో బీడు మరల గ్రామమునకు దక్కుట కష్టము.

ఆ బీడు నిజముగా ఖాళీగా ఉన్నదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు పంచాయతీ సభ్యులే. ఆ జవాబు ఊహించి చెప్పునది కారాదు, చూచి చెప్పునది కావలెను. చూచుటకొక పద్ధతి యుండవలెను. అట్టి పద్ధతి నొకదానిని కల్లూరు సీమను దృష్టియం దుంచుకొని ఈ వ్యాసమున వివరించెదము.

సీమ స్వరూపము

కల్లూరు ఖమ్మము నుండి సత్తుపల్లి పోవు మార్గమున నున్నది. ఈ సీమలో ఎర్రచెలకలును, నల్లరేగళ్ళును రెండును కలవు. ఒక వైపున నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింది మాగాణము పరచుకొనియున్నది. ఉత్తరముగా ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వరకు పోయినకొలది అడవి దట్టమగును. పైరు భూమికిని అడవికిని నడుమ మిగిలిన మెట్టలు, చెరువు శిఖములు, వాగు గట్లు, ఇవియే మన పచ్చిక బయళ్ళు. ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన ఈ ప్రాంతమున పడును. అందు పెద్ద భాగము జూన్ నుండి సెప్టెంబరు లోపలనే కురియును. కావున పచ్చిక జీవితమంతయు ఆ నాలుగు నెలల మీదనే ఆధారపడియున్నది.

ఈ భూములకు రికార్డులలో గల పేర్లు ఒకే తీరున ఉండవు. కల్లూరు వైపు పూర్వము నిజాము రాజ్యములోనిది. భద్రాచలము మదరాసు రాష్ట్రములోని తూర్పుగోదావరి జిల్లాకు చెందినది. 1953లో వరంగల్లు నుండి విడివడి ఖమ్మము జిల్లా యేర్పడగా, 1959లో భద్రాచలము వచ్చి అందు చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా యైనది. ఈ చరిత్ర వలన ఒకచోట గైరాను, బంచరాయి అనబడునది మరియొకచోట పోరంబోకు అని వ్రాయబడి యుండును. కావున సభ్యులు తమ గ్రామపు బీడు ఏ సర్వే నంబరులో, ఏ పేరున నమోదైయున్నదో మొట్టమొదట తెలిసికొనవలెను. పేరు తెలియని ఆస్తిని కాపాడుట సాధ్యము కాదు.

చోటు నెంచుకొనుట

బీడంతయు చూడబోయినచో ఏదియు సరిగా చూడలేము. ఒక చోటు నెంచుకొని దానినే ఏడాది పొడవున చూడవలెను. మెట్ట నుండి చెరువంచు వరకు వాలుగా దిగు బీడు దొరికినచో అదియే మేలైనది. అందు మూడు మెట్లు స్పష్టముగా కనబడును. పైమెట్టున గులకరాతి యెర్రనేల యుండును. అచ్చట గడ్డి పొట్టిగా, పలుచగా ఉండి, వెంపలి, తంగేడు, రేగు కనబడును. నడిమెట్టున మన్ను కొంచెము లోతు. అచ్చట గడ్డిజాతులు హెచ్చు. క్రిందిమెట్టున, చెరువు శిఖమునకు చేరువగా, గరిక, తుంగ, తడి యెక్కువైనచో రెల్లు పెరుగును. నూరు గజముల దూరములో మూడు విధములైన బ్రతుకులు చూడవచ్చునన్నమాట.

ఒక్కొక్క మెట్టున ఒక రాతిని గుర్తుగా పాతి, దానికి సున్నము పూయవలెను. నడిమెట్టున పది అడుగుల చదరము గల చిన్న స్థలమునకు రేగుకంపతో కంచె వేయవలెను. ఈ చిన్న కంచె యేల కావలెనో ముందు చెప్పెదము.

చూచు విధము

మన రైతులకు కాలమును కొలుచుటకు కార్తెలున్నవి. ఏడాదికి ఇరువదియేడు కార్తెలు. ఒక్కొక్కటి పదమూడు, పదునాలుగు దినములు. కార్తెకొకసారి బీడునకు పోయినచో ఏడాదిలో ఇరువదియేడు పరిశీలనలు లభించును. దీనికై కొత్త క్యాలెండరు అక్కరలేదు. పోయినప్పుడెల్ల నాలుగు పనులు చేయవలెను.

మొదటిది, సున్నపురాయి వద్ద నిలిచి అదే దిక్కునకు ఫోనుతో ఒక ఫొటో తీయుట. రెండవది, ఒక మీటరు పొడవు గల నాలుగు కర్రలను చదరముగా కట్టి నేలపై నుంచి, అందులోని మొక్కల పేర్లు వ్రాయుట. మూడవది, బీడునకు అడ్డముగా నూరు అడుగులు నడచి, ప్రతి అడుగునను కాలి బొటనవ్రేలి ముందు ఏమున్నదో చెప్పుట. గడ్డియా, వేరొక మొక్కయా, వట్టినేలయా అని ఒకరు చెప్పుచుండగా మరియొకరు గీతలు గీయవలెను. నూరు అడుగులే గనుక లెక్క తానే శాతమగును. నాల్గవది, ఆ కార్తెలో ఎన్ని దినములు వాన పడినది, ఎన్ని పశువులు మేసినవి అను విషయమును వ్రాయుట.

మొక్క పేరు వ్రాయునప్పుడు ఊరిలో వాడుకలో నున్న పేరునే వ్రాయవలెను. తెలుగువారు, కోయలు, లంబాడాలు ఒకే మొక్కకు వేరువేరు పేర్లు పెట్టియుందురు. అన్నిటిని చేర్చవలెను. పశువుల కాపరులను, కూరాకు ఏరు వృద్ధ స్త్రీలను, మందుమొక్కలు తెలిసినవారిని వెంట తీసికొని పోవుట అవసరము. చదువు రానివారు ఈ పనిలో గురువులు, చదువుకొన్నవారు లేఖకులు. పేరు తెలియని మొక్కను పువ్వుతో సహా పాత వార్తాపత్రికల నడుమ అణచి ఆరబెట్టి, సమీప కళాశాలలోని వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపవచ్చును.

కార్తెల వెంట బీడు

మే నెలాఖరున రోహిణి కార్తెలో పరిశీలన ప్రారంభించుట మంచిది. అప్పుడు బీడు తన లోపములను దాచుకొనలేదు. వట్టినేల ఎంత, వాన నీరు కోసిన గాళ్ళు ఎన్ని, రాళ్ళు తేలిన చోట్లు ఎన్ని అను సంగతులు ఆ ఎండలోనే స్పష్టముగా తెలియును. గడ్డి చచ్చినట్లు తోచును గాని, ఒక కుదురును వ్రేలితో గిల్లి చూచినచో మొదట్లో పచ్చని జీవము కనబడును.

జూన్ మొదటి వారమున మృగశిర ప్రవేశించును. తొలివాన పడిన కొద్ది దినములకే నేలలోని గడ్డల నుండి తుంగ, కణుపుల నుండి గరిక చిగుర్చును. తగిరిస రెండాకుల మొలకలు గుంపుగుంపులుగా లేచును. ఆరుద్రలో ముఖమలు వలె ఎర్రనైన ఆరుద్ర పురుగులు పైకి వచ్చును. అవి కనబడిన తేదీని ప్రతియేట వ్రాసిపెట్టినచో తొలకరి ముందు వెనుకలు తెలియును.

పునర్వసు, పుష్యమి, ఆశ్లేషలలో గడ్డి పిలకలు వేసి పొదయగును. నేలబారున విష్ణుక్రాంత నీలి పూలు, కంచెల మీద నాభి పూలు కనబడును. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలు పూతకాలము. ఏడాదిలో మొక్కల పేర్లు ఎక్కువగా వ్రాయగలిగినది ఈ దినములలోనే. వినాయక చవితికి పిల్లలు తెచ్చు పత్రిలో గరిక, ఉత్తరేణి, విష్ణుక్రాంత, రేగు, జిల్లేడు అను నైదును బీడులోనివే. ఆ యైదింటిని ఊరి బీడులోనే ఏరగలిగిరా, లేక బజారున కొనిరా అని అడిగి చూచినచో బీడు స్థితి సగము తెలియును.

హస్త, చిత్తలలో బతుకమ్మ పండుగ వచ్చును. తంగేడు, గునుగు అప్పుడు నిండుగా పూయును. చెరువంచున రెల్లు తెల్లబడును. గునుగు కొరకు ఆడపిల్లలు ఏటేట ఎంత దూరము పోవలసి వచ్చుచున్నదో వ్రాయుట చిన్న విషయముగా తోచవచ్చును. కాని కలుపుమందుల వాడకము, దున్నకము, మేత, ఇవన్నియు ఆ దూరములో లెక్కకు వచ్చును.

స్వాతి, విశాఖలలో గడ్డి గింజ రాల్చును. బట్టలకు గ్రుచ్చుకొను ముల్లుగడ్డి గింజ నొకదానిని తీసి తడిచేతిలో పెట్టుకొని చూడుడు. దాని పొడవైన తోక మెలి విప్పుకొనుచు తిరుగును. మంచుకు తడిసి, ఎండకు ఆరి, ఆ తోక తిరిగిన కొలది గింజ మరలాణి వలె నేలలోనికి దిగును. తనను తాను నాటుకొను పైరు ఇది.

చలికాలమున ఏడాది మొక్కలు ఎండిపోవును, మొండి మొక్కలు నిలుచును. ఫిబ్రవరి, మార్చి నెలలలో అడవి అంచున మోదుగ పూయును. పిదప ఇప్పపువ్వు, తునికాకుల కాలము. ఆ దినములలోనే అడవిలో నిప్పు పుట్టి బీళ్ళకు ప్రాకు ప్రమాదము కలదు. ఎచ్చట కాలినది, ఎప్పుడు కాలినది అను విషయము పుస్తకములో తప్పక ఉండవలెను.

గడ్డి బ్రతుకు, గడ్డి చావు

చెట్టు కొనలయందు పెరుగును. గడ్డి పెరుగుచోటు మొదట్లో, నేలకు అంటుకొని యుండును. కావుననే పశువు పైభాగమును కొరికినను గడ్డి మరల పెరుగగలదు. ఇది దాని బలము. అయితే తొలివానకు వచ్చు చిగురు వేళ్ళలో దాచుకొన్న ఆహారముతో పెరిగినది. ఆ చిగురును వచ్చినది వచ్చినట్లు మేపినచో వేరు తిరిగి నిండుటకు అవకాశముండదు. రెండు మూడేండ్లు ఇట్లే జరిగినచో పశువులు ఇష్టపడు గడ్డి చచ్చి, పశువులు ముట్టని తగిరిస, వెంపలి, ముల్లుకంప మిగులును. బీడు అప్పటికిని పచ్చగానే కనబడును గాని అది మేత కాదు. పచ్చదనమును చూచి మోసపోకుండుటకే పేర్లు వ్రాయుమని చెప్పుచున్నాము.

దీనికి తోడు పరాయి మొక్కలు వచ్చి చేరినవి. వయ్యారిభామ మన దేశమున 1955 ప్రాంతములో పూనాలో గుర్తింపబడి, పిదప అంతట వ్యాపించినది. ఒక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. పశువులు తినవు, కొందరికి తాకినచో దురద పుట్టును. దానిని పువ్వు పట్టకమునుపే, నేల తడిగా నున్నప్పుడు, చేతికి తొడుగు వేసికొని వేరుతో పెరుకవలెను. పూచిన పిదప పెరికినచో గింజను మనమే చల్లినట్లగును. సర్కారు తుమ్మ, లంటానా కూడ ఇట్లే గడ్డిని అణచివేయును. ఇవి మొదట కనబడిన చోటు పుస్తకములో ఉన్నచో పది మొక్కలుగా ఉండగనే తీసివేయవచ్చును. పదెకరములైన పిదప పంచాయతీ నిధులు చాలవు.

వాన లోపమా, మేత లోపమా?

మునుపటి చిన్న కంచె సంగతి ఇప్పుడు చెప్పెదము. ఉదాహరణకు, ఒకయేట పుబ్బ కార్తెలో నూరు అడుగులకు వట్టినేల ముప్పదియైదు అని, మరుసటియేట అదే కార్తెలో ఏబది అని అనుకొందము. కారణమేమి? కొందరు వాన లేదందురు, కొందరు మేకలు ఎక్కువైనవందురు. కంచె లోపల చూడుడు. లోపల కూడ గడ్డి పలుచబడినచో అది వాన లోపము. లోపల దట్టముగా ఉండి వెలుపల మాత్రమే పలుచబడినచో అది మేత లోపము. ఊరిలో తగవును తీర్చుటకు పది అడుగుల కంచె చాలును.

మేత ఎంత యున్నదో కూడ లెక్కింపవచ్చును. ఒక చదరపు మీటరులోని గడ్డిని కోసి, బాగుగా ఎండబెట్టి తూచవలెను. ఎకరమునకు సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక, తూకము 100 గ్రాములైనచో ఎకరమునకు సుమారు 400 కిలోలు. అందు సగము నేలకు, వేరునకు వదలవలెను. మిగిలినది 200 కిలోలు. రెండున్నర క్వింటాళ్ళ బరువు గల పశువునకు దినమునకు అయిదారు కిలోల ఎండుమేత కావలెను. అనగా ఆ ఎకరము ఒక పశువును సుమారు ముప్పదియైదు దినములు పోషించును. ఒకచోట తూచినది చాలదు, మూడు మెట్లలోను తూచి సగటు తీయవలెను. అప్పుడు బీడు ఎన్ని పశువులకు, ఎన్ని నెలలకు చాలునో గ్రామసభలో అంకెలతో చెప్పవచ్చును. ఖాళీ భూమి యని యెంచిన దాని విలువ అప్పుడు రూపాయలలో తెలియును.

ఇతర చోట్ల నేర్చిన పాఠములు

ఒకే గడ్డినేలను దీర్ఘకాలము చూచుట వలన లాభమేమని సందేహింపవచ్చును. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రమున 1856లో ఒక గడ్డినేలను భాగములుగా చేసి వేరువేరు ఎరువులు వేయసాగిరి. ఆ పరిశీలన నేటికిని సాగుచున్నది. ఎరువు వేయని భాగములలో నలుబది వరకు మొక్కజాతులు నిలువగా, సున్నము లేక నత్రజని ఎరువు అధికముగా వేసిన కొన్ని భాగములలో రెండు మూడు జాతులే మిగిలినవి. గడ్డి బరువు పెరుగవచ్చును గాని జాతులు నశించును. యూరియా చల్లినచో బీడు బాగుపడునను వారికి ఇది జవాబు.

మన తెలుగు నేలలోని ఉదాహరణ రోళ్లపాడు. నాడు కర్నూలు, నేడు నంద్యాల జిల్లాలోని ఆ గడ్డిభూములను బట్టమేక పక్షి కొరకు 1988లో అభయారణ్యముగా ప్రకటించిరి. బట్టమేక అడవిపక్షి కాదు. దానికి తెరపిగా నున్న గడ్డినేలయే ఇల్లు. చుట్టుప్రక్కల భూముల వాడుక మారినకొలది ఆ పక్షి తగ్గిపోయి, నేడు అచ్చట దాదాపు కనబడకున్నది. గడ్డినేలకు చెట్లు లేకపోవుట లోపము కాదు, అది దాని స్వభావము. 2020 నుండి తెలంగాణ గ్రామములలో పల్లె ప్రకృతి వనములు పెంచబడినవి. చెట్లు నాటుట మంచి పనియే. కాని ఎచ్చట నాటవలెనో తీర్మానించుటకు ముందు బీడు పుస్తకమును తెరచి చూచుట అంతకంటె మంచి పని.

పంచాయతీ చేయదగిన పనులు

బీడును మూడు భాగములు చేసి, ఏడాదికొక భాగమునకు మృగశిర మొదలు గింజ రాలు స్వాతి వరకు విశ్రాంతి నీయవచ్చును. మిగిలిన రెండు భాగములు మేతకు తెరచియుండును. మూడేండ్లలో ప్రతి భాగమునకును ఒకసారి గింజ రాల్చుకొను అవకాశము దక్కును. 1962లో ఝాన్సీయందు స్థాపింపబడిన భారతీయ పచ్చిక బయళ్ళ, పశుగ్రాస పరిశోధన సంస్థ వంటివి ఇట్టి విషయములనే అధ్యయనము చేయుచున్నవి.

అయితే ఒక హెచ్చరిక. బీడు మూసినప్పుడు మొదట నష్టపడువారు సొంత భూమి లేక రెండు మేకలతో బ్రతుకువారు. నాలుగు గేదెలుండి, గడ్డివాము గలవారికి ఆ నష్టము తెలియదు. కావున ఏ భాగము, ఎప్పుడు మూయవలెనను నిర్ణయము కాపరులను, భూమి లేనివారిని కూర్చుండబెట్టి చేయవలెను. మూసిన భాగములో జానెడు మొదలు వదలి కొడవలితో కోసికొనిపోవు హక్కును ముందుగా వారికే ఈయవలెను. వారి సమ్మతి లేని కంచె ఒక వాన కూడ నిలువదు.

ఈ పనులకు చట్టబలము కలదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ఇంధనము, పశుగ్రాసము ఒకటి, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ మరియొకటి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము 41వ సెక్షను ప్రకారము ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. స్థానిక మొక్కలను, జంతువులను, వాటిని గూర్చిన ప్రజల జ్ఞానమును నమోదు చేయు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఆ కమిటీ బాధ్యత. మన కార్తెల పుస్తకము ఆ రిజిస్టరునకు ప్రాణము పోయును. అడవి అంచు గ్రామములవారు 2006 నాటి అటవీ హక్కుల చట్టములో మేత హక్కు కూడ పేర్కొనబడినదని గుర్తుంచుకొనవలెను. గ్రామముల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించుటకు పథకములు రూపొందింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న అన్ని రాష్ట్రములను ఆదేశించినది. చట్టము అండ నిచ్చును గాని సాక్ష్యమును మనమే సమకూర్చుకొనవలెను.

సభ్యులు తమలో తాము చర్చించుకొనుటకు కొన్ని ప్రశ్నలు: మన బీడు సర్వే నంబరేది, విస్తీర్ణమెంత? అందలి ఎన్ని మొక్కల పేర్లు మనకు తెలియును? పదేండ్ల క్రిందట ఉండి నేడు కనబడని మొక్క యేది? కొత్తగా వచ్చినది యేది? పుస్తకము వ్రాయు బాధ్యత ఎవరిది, వారు లేనినాడు ఎవరిది?

వచ్చు కార్తె ప్రవేశించు దినమున ఇద్దరు సభ్యులు, ఒక కాపరి, ఒక బడిపిల్ల కలసి బీడునకు పోయినచో పని ప్రారంభమైనట్లే. రెండు గంటల కాలము, ఒక నోటుపుస్తకము, నాలుగు కర్రలు చాలును. ఏడాది తిరుగునప్పటికి ఇరువదియేడు పుటలు నిండును. ఆపైన ఎవరైన వచ్చి "అది ఖాళీ భూమి గదా" అన్నప్పుడు వాదింప నక్కరలేదు. ఆ పుస్తకమును గ్రామసభ యెదుట తెరచి చదివిన చాలును.